సర్కారును సభలో లెక్క అడిగిన చిత్తూరు బిడ్డ కట్టమంచి రామలింగారెడ్డి

1923 నవంబర్ 27. మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జ్. కొత్తగా ఎన్నికైన లెజిస్లేటివ్ కౌన్సిల్ సమావేశమైంది. ప్రభుత్వం వైపు బెంచీల్లో ముఖ్యమంత్రి హోదాలో పానగల్లు రాజా పానగంటి రామరాయనింగారు కూర్చున్నారు. ఎదుటి వైపు నుంచి ఒక సభ్యుడు లేచి, ఈ మంత్రివర్గం మీద సభకు నమ్మకం లేదంటూ తీర్మానం పెట్టారు. ఆయన పేరు కట్టమంచి రామలింగారెడ్డి. సి.ఆర్.రెడ్డిగా అందరికీ తెలిసిన మనిషి. భారతదేశ చట్టసభల చరిత్రలో ఇదే మొదటి అవిశ్వాస తీర్మానమని చెబుతారు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. రాజా పుట్టింది కాళహస్తిలో. రెడ్డి పుట్టింది చిత్తూరు పక్కన కట్టమంచిలో. అంటే జవాబు చెప్పాల్సిన మనిషి, ప్రశ్న వేసిన మనిషి ఇద్దరూ ఒకే జిల్లావాళ్లు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఒకప్పుడు ఇద్దరూ జస్టిస్ పార్టీవాళ్లే. అయినా ఒకరు ఇంకొకరిని సభలో నిలదీశారు.

ఇప్పుడు అసెంబ్లీ ప్రశ్నోత్తరాలు టీవీలో చూస్తున్నాం. బడ్జెట్ మీద రాత్రంతా చర్చలు నడుస్తాయి. ఎమ్మెల్యే మా ఊరి రోడ్డు గురించి సభలో ఎందుకు అడగలేదని కలకడ బస్టాండులో టీ తాగుతూ కూడా జనం అనుకుంటారు. అడగడం ప్రతినిధి పని అనే ఈ మాట ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాన్ని అలవాటు చేసిన తొలి తరంలో ఈ జిల్లా మనిషి ముందు వరుసలో ఉన్నారు.

కట్టమంచి నుంచి కేంబ్రిడ్జి దాకా

రామలింగారెడ్డి 1880 డిసెంబర్ 10న కట్టమంచిలో పుట్టారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి, తల్లి నారాయణమ్మ. చిత్తూరులో చదువు మొదలుపెట్టి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. అక్కడ విద్యార్థిగా ఉన్నప్పుడే, 1899లో, ఒక పోటీ కోసం ముసలమ్మ మరణం అనే కావ్యం రాశారు. తెలుగు సాహిత్యంలో ఆధునిక కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు.

ఆ కావ్యం రాజుల కథ కాదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ప్రాణం ఇచ్చిన కోడలి కథ అది. చెరువే ఆధారంగా బతికే రాయలసీమలో కట్ట తెగడం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. పంట పోతుంది, పశువు పోతుంది, ఊరే పోతుంది. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు రాయడానికి ఎంచుకున్న విషయం అది. చెరువు కట్ట బాధ్యత ఎవరిది, ఆ బాధ్యత తప్పితే మూల్యం ఎవరు చెల్లిస్తారు అన్న ప్రశ్న ఆ కథలోనే ఉంది. తర్వాతి జీవితంలో ఆయన అదే ప్రశ్నను వేరే చోట, వేరే భాషలో వేస్తూ వచ్చారు.

1902లో బీఏ పూర్తి చేసి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్లారు. కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చరిత్ర చదివి మొదటి తరగతిలో నెగ్గారు. అక్కడి విద్యార్థుల చర్చా వేదిక అయిన యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఆ పదవి దక్కిన తొలి భారతీయుడు ఆయనే. ఎదుటి పక్షాన్ని మాటతో ఇరుకున పెట్టడం, అడ్డు ప్రశ్న వేస్తే తడుముకోకుండా జవాబివ్వడం ఆయన అక్కడే నేర్చుకున్నారు.

బడి తలుపు తెరిపించిన అధికారి

తిరిగి వచ్చాక బరోడా కాలేజీలో కొంతకాలం పనిచేశారు. విద్యా విధానాలు చూసి రావడానికి అమెరికా, జపాన్ లాంటి దేశాలు తిరిగారు. తర్వాత మైసూరు సంస్థానంలో చేరి మహారాజా కాలేజీలో ప్రొఫెసర్‌గా, ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. 1916లో మైసూరు యూనివర్సిటీ ఏర్పడినప్పుడు ఆ పనిలో ఆయన చేయి ఉంది. 1918 నుంచి 1921 వరకు సంస్థానానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు, అంటరానివాళ్లుగా చూసే కులాల పిల్లల్ని ప్రభుత్వ బడుల్లో చేర్చుకోవాలని పట్టుబట్టారు. సర్కారు సొమ్ముతో నడిచే బడి అందరిదీ అన్నది సూటి లెక్క. కానీ ఊళ్లలో అది అంత సూటిగా సాగలేదు. చాలాచోట్ల ఎదురు తిరిగారు. కాగితం మీద ఉత్తర్వు ఒకటి, బడి గుమ్మం దగ్గర జరిగేది ఒకటి అని ఆయన అధికారిగానే చూశారు. ఆ అనుభవం తర్వాత పనికొచ్చింది. ప్రభుత్వం ఇచ్చే జవాబులో ఏది నిజం, ఏది ముసుగు అన్నది లోపల పనిచేసిన మనిషికి తొందరగా తెలుస్తుంది.

ఆయన తెలుగులో రాసినవి తక్కువే అయినా బరువైనవి. 1914లో వచ్చిన కవిత్వ తత్వ విచారం తెలుగు విమర్శను మలుపు తిప్పింది. అర్థశాస్త్రం మీద కూడా తెలుగులో పుస్తకం రాశారు. పన్ను, ధర, కూలి, పెట్టుబడి లాంటి విషయాలు ఇంగ్లీషు వచ్చినవాళ్లకే పరిమితం కాకూడదని అనుకున్న మనిషి. ఇంగ్లీషు రాని రైతుకు కూడా తన పన్ను ఎటు పోతోందో అర్థం కావాలి కదా.

1921లో మైసూరు ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారు. చిత్తూరు నుంచి మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్ సభ్యుడయ్యారు.

సగం మనది, సగం వాళ్లది

అప్పటి ప్రభుత్వం ఎలా ఉండేదో తెలిస్తేనే ఆయన పోరాటం అర్థమవుతుంది. 1919 చట్టం ప్రకారం రాష్ట్ర పాలనను రెండు ముక్కలు చేశారు. చదువు, వైద్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, పరిశ్రమలు, ఎక్సైజ్ లాంటివి ఎన్నికైన సభ్యుల్లోంచి తీసుకున్న మంత్రులకు ఇచ్చారు. ఖజానా, పోలీసు, భూమి శిస్తు, నీటిపారుదల లాంటివి గవర్నర్, ఆయన ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ చేతిలోనే ఉంచుకున్నారు. 1920ల మొదట్లో ఆ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో సర్ మహమ్మద్ హబీబుల్లా సాహెబ్ కూడా సభ్యుడు.

ఈ ఏర్పాటులో చిక్కు ఎక్కడంటే, పని మంత్రిది, డబ్బు పెట్టె ఇంకొకరిది. కలకడ అప్పుడు వాయల్పాడు తాలూకాలో ఉండేది. వాయల్పాడు అంటే ఇప్పటి వాల్మీకిపురం. ఆ తాలూకా, మదనపల్లె తాలూకా 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు కడప జిల్లాలోవి. అక్కడి రైతు చెరువు పూడిక గురించి అడగాలంటే ఒకరిని, ఊరి బడి గురించి అడగాలంటే ఇంకొకరిని అడగాలి. పుంగనూరు, కుప్పం వైపు వెళ్తే జమీందారీలు. అక్కడ మధ్యలో జమీందారు కూడా ఉంటాడు. ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెప్పి తప్పించుకునే వీలుంది.

ఆస్పత్రి, కాలేజీ అంటే ఇంకా కష్టం. క్షయ వ్యాధికి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం ఉంది గానీ అది క్రైస్తవ మిషన్లు నడిపేది. మదనపల్లెలో కాలేజీ ఉంది గానీ అది 1915లో అనీబిసెంట్, దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పెట్టింది. సర్కారు కట్టించింది ఏది అని వెతుక్కోవాల్సిన రోజులు అవి.

ఓటు కూడా అందరికీ లేదు. ఆస్తి ఉన్నవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు మాత్రమే. పైగా ముస్లింలకు వేరే నియోజకవర్గాలు. ఒకటి కంటే ఎక్కువ జిల్లాలు కలిపి ఒక ముస్లిం సీటు ఉండేది. కలకడలో పక్కపక్క ఇళ్లలో ఉండి, ఒకే బావి నీళ్లు తాగే ఇద్దరు రైతుల్లో ఒకరు రామలింగారెడ్డి పోటీచేసే సీటుకు ఓటు వేస్తారు. రెండో ఆయన ఎక్కడో దూరాన ఉన్న ఇంకో అభ్యర్థికి వేస్తారు. కానీ బడి లేకపోతే ఇద్దరి పిల్లలకీ లేదు. రోడ్డు కొట్టుకుపోతే ఇద్దరి బండ్లూ ఆగుతాయి. అందుకే సభలో ఒక సభ్యుడు ఖర్చు గురించి అడిగిన ప్రశ్న తన సీటు దాటి, ఓటు లేని కూలివాడికి కూడా పనికొచ్చేది.

348 లక్షల రూపాయల కథ

అప్పటి మంత్రుల దగ్గర ఒక గట్టి సాకు ఉండేది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. కొత్త ఏర్పాటు వచ్చినప్పుడు రాష్ట్రాలు కేంద్రానికి ఏటా ఎంత కట్టాలో లార్డ్ మెస్టన్ కమిటీ తేల్చింది. అన్ని రాష్ట్రాలూ కలిసి కట్టాల్సింది 983 లక్షల రూపాయలు. అందులో ఒక్క మద్రాసు వాటాయే 348 లక్షలు. దేశంలో అన్నిటికంటే ఎక్కువ. అంటే మూడో వంతుకు మించి భారం ఒకే రాష్ట్రం మీద పడింది.

మద్రాసుకు వచ్చే ఆదాయంలో పెద్ద ముక్కలు రెండు. ఒకటి భూమి శిస్తు, రెండోది సారా, కల్లు మీద వచ్చే ఎక్సైజ్. శిస్తు పెంచితే రైతు మీద దెబ్బ. ఎక్సైజ్ తగ్గిస్తే బడికి డబ్బు లేదు. తాగుడు మాన్పించాలని ఒక పక్క చెబుతూ, దాని ఆదాయంతోనే బడులు నడపాల్సి రావడం ఆనాటి సర్కారుకు ఉన్న పెద్ద చిక్కు. మద్యాన్ని హరామ్‌గా చూసే ఇళ్ల పిల్లలు కూడా ఆ సొమ్ముతో నడిచిన బడిలోనే అక్షరాలు దిద్దారు.

మరి డబ్బే లేనప్పుడు మంత్రిని అడిగి లాభమేమిటి? ఇక్కడే ప్రతిపక్షం పట్టు ఉంది. డబ్బు తక్కువైతే ఉన్న డబ్బు ఎక్కడ ముందు పెట్టారు, ఎవరిని అడిగి పెట్టారు, ఏ ప్రాంతానికి ఎంత ఇచ్చారు అన్న లెక్క ఇంకా ముఖ్యమవుతుంది. కొరత ఉందని చెప్పడం జవాబు కాదు. కొరతలో ఎవరి వాటా కోశారో చెప్పడమే జవాబు.

సవాల్, జవాబ్

చట్టసభలో ప్రశ్న అడిగే హక్కు కూడా మెల్లగా వచ్చిందే. 1892 చట్టం దాకా సభ్యుడికి ప్రశ్న అడిగే అధికారమే లేదు. 1909లో, ప్రశ్న వేసిన సభ్యుడు అనుబంధ ప్రశ్న కూడా అడగొచ్చన్నారు. 1919 చట్టం తర్వాత మంత్రుల శాఖల బడ్జెట్ పద్దుల మీద ఓటు వేసి, కోత కూడా పెట్టొచ్చన్నారు. గవర్నర్ చేతిలో ఉన్న శాఖల విషయంలో మాత్రం సభ కోసిన మొత్తాన్ని గవర్నర్ మళ్లీ చేర్చుకునే వీలు ఉంచుకున్నారు.

పని ఎలా సాగేదంటే, సభ్యుడు ముందుగా నోటీసు ఇస్తాడు. ప్రశ్నకు నంబరు పడుతుంది. ఆ ప్రశ్న సంబంధిత ఆఫీసుకు వెళ్తుంది. అక్కడి నుంచి కలెక్టరుకు, తాలూకాకు వస్తుంది. తహసీల్దారు దస్త్రాలు తిప్పి వివరం పంపాలి. ఆ వివరం తిరిగి మద్రాసు చేరి, సభలో జవాబుగా అచ్చవుతుంది. ఈ దారి మొత్తంలో ఒక మేలు ఉంది. పైవాడు అడుగుతున్నాడని తెలిస్తే కింద ఉన్న దస్త్రం కదులుతుంది. జవాబు సరిగా రాకపోయినా, ఆ ఊరికి ఏమీ చేయలేదన్న మాట అచ్చులో ఉండిపోతుంది. ఎవరూ చెరపలేరు.

ఈ లెక్కల మాటల్లో సగం ఉర్దూ దారిన తెలుగులోకి వచ్చినవే. జమా, ఖర్చు, బాకీ, వసూలు, హాజరు, రసీదు, జవాబు. నవాబుల దఫ్తర్ల నుంచి కంపెనీ కచేరీలకు, అక్కడి నుంచి కరణం చిట్టాలోకి, రైతు నోటికి చేరాయి. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాలు అంటే పందెం, ఎదురు నిలబడడం. 1923లో రామలింగారెడ్డి వేసింది ఈ రెండు అర్థాలకూ సరిపోయింది.

అదే 1923లో ముసల్మాన్ వక్ఫ్ చట్టం కూడా వచ్చింది. వక్ఫ్ ఆస్తులు చూసే ముతవల్లీలు జమాఖర్చులు కోర్టుకు దాఖలు చేయాలని ఆ చట్టం చెప్పింది. మద్రాసులో హిందూ ఆలయాల ఆస్తుల మీద పర్యవేక్షణ కోసం పానగల్లు రాజా ప్రభుత్వమే బిల్లు తెచ్చింది. గుడి లెక్క, మసీదు లెక్క అడుగుతున్న కాలం అది. అలాంటప్పుడు సర్కారు లెక్క అడగడంలో తప్పేముంది?

తీర్మానం వీగింది

1920 ఎన్నికల తర్వాత జస్టిస్ పార్టీ మద్రాసులో మంత్రివర్గం పెట్టింది. మొదటి ముఖ్యమంత్రి సుబ్బరాయులు రెడ్డియార్ ఆరోగ్యం బాగాలేక 1921లో తప్పుకోగా, పానగల్లు రాజా ఆ బాధ్యతలోకి వచ్చారు. ఆయనతో పాటు మంత్రులుగా ఉన్న కె.వి.రెడ్డి నాయుడు, ఎ.పి.పాత్రో ఇద్దరూ తెలుగువాళ్లే. తమిళ ప్రాంతానికి చోటు లేదని పార్టీలోనే అసంతృప్తి రాజుకుంది.

దీనికి తోడు ఇంకో ఆరోపణ. స్థానిక సంస్థలు రాజా చేతిలోని శాఖ. తాలూకా బోర్డులు, జిల్లా బోర్డుల్లో కొన్ని సీట్లకు ప్రభుత్వమే మనుషుల్ని నామినేట్ చేసేది. ఊరి రోడ్డు, బడి, దవాఖానా డబ్బు ఈ బోర్డుల చేతి మీదుగానే ఖర్చవుతుంది. ఆ సీట్లను పార్టీ బలం పెంచుకోవడానికి వాడుతున్నారని విమర్శకులు అన్నారు. పదవులు అయినవాళ్లకు వెళ్తున్నాయని, ముందుచూపున్న కార్యక్రమం లేదని కూడా అన్నారు.

రామలింగారెడ్డి ఈ అసంతృప్తిపరులతో కలిసి పార్టీ నుంచి బయటికి వచ్చారు. 1923 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ బలం తగ్గింది గానీ ప్రభుత్వం మళ్లీ వాళ్లదే అయింది. సభ మొదలవుతూనే ప్రతిపక్షాలను కూడగట్టి ఆయన అవిశ్వాస తీర్మానం పెట్టారు. స్వరాజ్య పార్టీ సభ్యులు కూడా అటే నిలిచారు.

ఆనాటి చట్టంలో అవిశ్వాసం అన్న పద్ధతి ఇప్పటిలా స్థిరపడి లేదు. మంత్రుల్ని నియమించేది గవర్నర్, తీసేసేది గవర్నర్. సభకు నమ్మకం లేదంటే మంత్రి ఇంటికెళ్లాలన్న నియమం అప్పటికి ఈ దేశంలో ఎవరూ పరీక్షించి చూడలేదు. గవర్నర్ లార్డ్ విల్లింగ్‌డన్ చర్చకు అడ్డు రాలేదు. చర్చ జరిగింది. ఓట్లు లెక్కపెట్టారు. తీర్మానానికి అనుకూలంగా 44, వ్యతిరేకంగా 65. తీర్మానం వీగిపోయింది. నామినేటెడ్ సభ్యుల ఓట్లు మంత్రివర్గాన్ని గట్టెక్కించాయి.

ఓట్ల లెక్కలో రామలింగారెడ్డి ఓడిపోయారు. కానీ ఒక పద్ధతి నిలబడింది. మంత్రి గవర్నర్‌కే కాదు, సభకు కూడా జవాబు చెప్పాలి. సభలో నమ్మకం ఉందో లేదో ఓట్లు లెక్కపెట్టి తేల్చాలి. ఈ రోజు అసెంబ్లీల్లో ఇది సాధారణమైపోయింది. అప్పుడు కాదు.

ఎదుటివాడి మంచి కూడా లెక్కలోకే

పానగల్లు రాజాను చెడ్డ పాలకుడిగా చూపిస్తే అన్యాయమవుతుంది. 1921లో మద్రాసు కౌన్సిల్ ఆడవాళ్లకు ఓటు హక్కుకు ఉన్న అడ్డు తొలగించింది. బ్రిటిష్ ఇండియాలో ఆ పని ముందుగా చేసిన రాష్ట్రం అదే. దేశీయ వైద్యాల మీద మహమ్మద్ ఉస్మాన్ సాహెబ్ అధ్యక్షతన కమిటీ వేసి, 1923లో నివేదిక తీసుకున్నారు. దాని ఫలితంగా మద్రాసులో ఇండియన్ మెడిసిన్ స్కూల్ వచ్చింది. ఆయుర్వేదం, సిద్ధతో పాటు యునానీ కూడా అక్కడ నేర్పారు. హకీమ్ సాహెబుల వైద్యానికి సర్కారు బడిలో చోటు దొరికింది. ఆ ఉస్మాన్ సాహెబే తర్వాత 1934లో మద్రాసుకు తాత్కాలిక గవర్నర్‌గా కూడా పనిచేశారు.

పనులు చేసిన ప్రభుత్వాన్ని కూడా ప్రశ్నించవచ్చు. ప్రశ్నిస్తే చేసిన పనులు కాదన్నట్టు కాదు. ఈ తేడా ఆ ఇద్దరికీ తెలుసు. దానికి రుజువు మూడేళ్లలోనే కనిపించింది.

తెలుగువాళ్లకు ఒక యూనివర్సిటీ కావాలన్న కోరిక చాలా కాలంగా ఉంది. విద్యా మంత్రి పాత్రో ఆంధ్ర యూనివర్సిటీ బిల్లును కౌన్సిల్‌లో నడిపించారు. 1926 ఏప్రిల్‌లో యూనివర్సిటీ ఏర్పడింది. మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఎవరిని పెట్టారు? మూడేళ్ల కిందట ఆ మంత్రివర్గాన్నే దింపాలని చూసిన రామలింగారెడ్డిని. అప్పుడు కూడా పానగల్లు రాజా ప్రభుత్వమే నడుస్తోంది. సభలో ఎదిరించినవాడని పక్కన పెట్టలేదు, పనికొచ్చేవాడని పిలిచారు. ఈ రోజుల్లో ఇలాంటిది ఊహించడం కొంచెం కష్టమే.

జవాబు చెప్పే కుర్చీలో

అంతవరకు ప్రశ్న వేసిన మనిషి ఇప్పుడు జవాబు చెప్పాల్సిన కుర్చీలోకి వచ్చారు. యూనివర్సిటీ ఎక్కడ ఉండాలన్నదే మొదటి గొడవ. బెజవాడ అని ఒకరు, రాజమండ్రి అని ఒకరు, వాల్తేరు అని ఒకరు. అనంతపురంలో పెట్టాలని రాయలసీమ పట్టుబట్టింది. చివరికి వాల్తేరు ఖాయమైంది. రాయలసీమ కాలేజీలు మళ్లీ మద్రాసు యూనివర్సిటీ కిందికే వెళ్లాయి. సీమలో పుట్టిన మనిషి కట్టిన యూనివర్సిటీ సీమ పిల్లలకు దూరమైంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ వచ్చింది 1954లో. అంతదాకా వాయల్పాడు, మదనపల్లె పిల్లలు డిగ్రీ పట్టా కోసం మద్రాసు వైపే చూశారు. ఆయన జీవిత లెక్కలో ఇది బాకీ పద్దు కిందే రాయాలి.

డబ్బు విషయంలో కూడా అదే కష్టం. సర్కారు ఇచ్చేది చాలదు. దాతల దగ్గరికి వెళ్లాలి. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేయడంతో సైన్స్ చదువులు నిలదొక్కుకున్నాయి. పద్దు కోసం ప్రభుత్వాన్ని నిలదీసిన మనిషే పద్దు కోసం ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ, సంస్థానాల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. లాఠీ దెబ్బలు, జైళ్లు, అరెస్టులు. ఆ అణచివేతకు నిరసనగా రామలింగారెడ్డి వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశారు. తన చేతులతో మొదలుపెట్టిన సంస్థ అది. భవనాలు ఇంకా పూర్తిగా లేవలేదు. అయినా వదిలేశారు. సభలో ప్రశ్న వేయడానికి పెద్దగా పోయేదేమీ ఉండదు. పదవి వదలడం అలా కాదు. అడగడం, అవసరమైతే పోగొట్టుకోవడం రెండూ చేసి చూపించారు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు.

1936లో యూనివర్సిటీ మళ్లీ ఆయన్నే ఎన్నుకుంది. 1949 దాకా పదమూడేళ్లు నడిపారు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. యూనివర్సిటీని గుంటూరుకు తరలించాల్సి వచ్చింది. యుద్ధం ముగిశాకే వాల్తేరుకు తిరిగి చేరింది. పుస్తకాలు, ప్రయోగశాలల సామాను, విద్యార్థులు, జీతాలు, అన్నీ చూసుకుంటూ ఆ సంవత్సరాలు గడిపారు. పెళ్లి చేసుకోలేదు. ఆయన సంసారం అంతా ఆ యూనివర్సిటీయే అని తెలిసినవాళ్లు చెప్పుకునేవారు.

1949లో మైసూరు యూనివర్సిటీకి ప్రో ఛాన్సలర్‌గా వెళ్లారు. ఒకప్పుడు ప్రొఫెసర్‌గా పనిచేసిన చోటికే మళ్లీ చేరారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఏడాది కిందటే కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు వచ్చింది. వేర్వేరు ఓటరు జాబితాలు పోయాయి. ఆ ఓటుతో జరిగిన మొదటి ఎన్నికలు చూడడానికి ఆయన లేరు.

మిగిలిన లెక్క

పానగల్లు రాజా 1928లోనే పోయారు. మెస్టన్ కమిటీ పెట్టిన భారాన్ని అంతకుముందే తీసేశారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చినప్పుడు మంత్రులు నెలకు 500 రూపాయల జీతమే తీసుకోవాలని కాంగ్రెస్ పద్ధతి పెట్టుకుంది. ఆ మంత్రివర్గంలో పబ్లిక్ వర్క్స్ శాఖ చూసింది యాకూబ్ హసన్ సేఠ్. అప్పటికి మంత్రి సభకు జవాబు చెప్పాలా వద్దా అన్న మీమాంస ఎవరికీ లేదు. 1923లో వీగిపోయిన తీర్మానం అక్కడిదాకా పనిచేసింది.

ఇప్పుడు కలకడ పీలేరు అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది. ఒకే జాబితా, ఒకే క్యూ. హిందువు, ముస్లిం అన్న తేడా లేకుండా అందరూ ఒకే అభ్యర్థుల్లోంచి ఒకరిని ఎన్నుకుంటారు. ఎన్నికైన మనిషి చేతిలో ఆయుధాలు చాలా ఉన్నాయి. ప్రశ్నోత్తరాల సమయం ఉంది. పద్దుల మీద కోత తీర్మానం ఉంది. కాగ్ నివేదిక ఉంది. దాన్ని తిరగేసే పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఉంది. ఓటరు చేతిలో కూడా 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామసభ ఉంది. ఉర్దూ మీడియం బడిలో టీచరు ఖాళీ ఎందుకు నిండలేదో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఎందుకు లేవో, షాదీఖానాకు మంజూరైన డబ్బు ఎక్కడ ఆగిందో ఒక తెల్ల కాగితం మీద రాసి అడగొచ్చు. అడిగినదానికి రసీదు తీసుకోవచ్చు.

తమిళనాడు అసెంబ్లీ ఇప్పటికీ ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లోనే సమావేశమవుతోంది. 1923 నాటి కౌన్సిల్ చర్చలు అచ్చు సంపుటాల్లో ఉన్నాయి. ఎవరు ఏమడిగారో, ఎవరు ఏం చెప్పారో, ఎవరు ఎటు ఓటు వేశారో అన్నీ వాటిలో ఉన్నాయి. కాళహస్తి రాజా పేరు, కట్టమంచి రెడ్డి పేరు కూడా ఆ పుటల్లో ఎదురెదురుగానే ఉన్నాయి.